రెండు వైపులా బొమ్మే

2016లో నేను చౌటుప్పల్ హైవే పక్కన ఒక లేత్ షాపులో టర్నర్‌ని. మందుల ఫ్యాక్టరీల పంపులకు షాఫ్టులు, బుష్‌లు చేసేవాళ్లం.

ఒక మధ్యాహ్నం శ్రీకాంత్ అనే కుర్రవాడు రెండు ఐదు రూపాయల బిళ్లలతో వచ్చాడు. నేతకారుల ఇల్లు, అప్పుడే డిగ్రీ అయింది. రెండు వైపులా బొమ్మే ఉండే బిళ్ల ఒకటి చేసిపెట్టమన్నాడు. దోస్తుల ముందు గారడీ చెయ్యడానికట. నాణేన్ని తరగడం నేరమని నాకు తెలుసు. అయినా సన్నపని మీద ఆశకొద్దీ ఒప్పుకున్నాను.

ఒక బిళ్లను బొరుసు వైపు నుంచి బోరింగ్ చేశాను. అంటే లోపలి లోహం తొలిచేసి, అంచును గిన్నెలా మిగల్చడం. రెండోదాన్ని చుట్టూ, వెనకా తరిగి అందులో బిగించాను. అతుకు గోటికి కూడా అందలేదు.

అంతసేపూ అతను స్టూలు మీద కూర్చుని, పోటీ పరీక్ష కోసం రాష్ట్రాలు, రాజధానులు బట్టీ పడుతున్నాడు. పాత పుస్తకం, అందులో మన రాష్ట్రమే లేదు. మిజోరం రాజధాని ఏదని అడిగితే తడబడ్డాడు.

“మా అన్నకైతే అన్నీ నోటికొస్తయి. మగ్గం మీద కూసొనే సదువుతడు,” అన్నాడు.

ఆరు నెలలకు ఆ అన్న, సత్యం, షాపుకొచ్చి బిళ్లను బెంచీ మీద పెట్టాడు. తండ్రికి పక్షవాతం వచ్చాక ఇద్దరిలో ఒకరే హైదరాబాద్ కోచింగ్‌కు పోవాలని, రెండోవారు ఇంట్లో మగ్గం చూసుకోవాలని అనుకున్నారట. తమ్ముడే బొమ్మ కోరుకుని, తమ్ముడే ఎగరేసి, గెలిచి హైదరాబాద్ వెళ్లాడట. మొన్న అతను ఇంటికొచ్చినప్పుడు అంగీ ఉతుకుతుంటే జేబులో ఇది దొరికిందట.

“గిది నువ్వే చేసినవా అన్నా?”

అవునన్నాను. గారడీకని చెప్పాడన్నాను. ఇప్పుడైనా తమ్ముణ్ణి పిలిపించి కోచింగ్‌కు నువ్వు పో అన్నాను.

“బాపుకు తెల్వద్దన్నా. ఇద్దరు కొడుకులున్నరని ధైర్యంగ ఉన్నడు.”

బిళ్లను అక్కడే వదిలి వెళ్లిపోయాడు.

శ్రీకాంత్‌కు ఉద్యోగం రాలేదు. ఇక్కడే ఒక ఫ్యాక్టరీ గోదాంలో పనికి కుదిరాడు. సత్యం పుస్తకాలు మానేశాడు, ఇంకా నేస్తున్నాడు. ఎదురుపడితే నన్ను ఏమీ జరగనట్టే పలకరిస్తాడు. నేనే తల దించుకుంటాను.

కొలత సరిపోతే పని సరిగ్గా చేసినట్టేనని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఇప్పుడు వింత పని ఏదొచ్చినా ఎందుకని అడుగుతాను. జవాబు నిజమో కాదో నాకు తెలియదు. మనసు ఒప్పకపోతే మాత్రం మిషను ఆన్ చెయ్యను.