వాన మీద పండిందన్నాను

ఇన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డుపడి ఉంది. అన్నం తింటున్నా, నలుగురిలో నవ్వుతున్నా అది అక్కడే ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

మాది పత్తికొండ దగ్గర ఊరు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మెట్టరైతుల ఆదాయం పెంచుతామంటూ ఒక పథకం వచ్చింది. కొత్తరకం వేరుశనగ విత్తనం ఇచ్చి, ఊరికి చూపించడానికి నా చేనును ఎంచుకున్నారు. ఒక్కటే షరతు. నీళ్లు పెట్టకూడదు, వాన మీదే పండాలి. ఊళ్లో నా తల కాస్త పైకి లేచింది.

పూత అయ్యాక, కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు వాన మొహం చాటేసింది. చేను వాడిపోసాగింది. జీపుల్లో అధికారులు వస్తారు, ఊరంతా వస్తుంది, ఎండిన చేను చూపించి నవ్వులపాలు కావాలా? పక్కనే నా నిమ్మతోట, అందులో బోరు. అందరూ అన్నాలకు పోయిన మధ్యాహ్నం, తోటకు పారే కాలువకు మడవ తిప్పి చేనుకు నీళ్లు వదిలాను. తర్వాత ఇంకోసారి. ఎవరికి నష్టం అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా, లేక అలా అనుకోవడం సులువనిపించిందా?

చేను విరగకాసింది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక, పక్క చేను మద్దిలేటన్న ఆగిపోయాడు. ఒక చెట్టు పీకి, కాయలు చూస్తూ మెల్లగా అడిగాడు.

"నిజం చెప్పప్పా. ఒక తడన్నా పెట్టినావా?"

"లేదన్నా. అంతా వాన మీద వచ్చిందే."

"నువ్వు చెప్తాండావు గాబట్టి నమ్ముతాండా. ఇంట్లో ఉండే విత్తనం కాయలు అమ్మేసి ఇదే ఏస్తా."

మా వైపు విత్తనానికి దాచిన కాయలను కరువులో కూడా ముట్టుకోరు. వాళ్ల నాయన కాలం నుంచి ఆ ఇంట్లో ఏటేటా దాచుకుంటూ వచ్చిన రకం అది. కాపు తక్కువే గానీ ఎండకు ఓర్చుకునేది. అదంతా నూనె మిల్లుకు పోతుందని తెలిసి కూడా ఆయన్ని ఆపలేదు.

మరుసటి ఏడు నా చేనులాగే ఆయన చేనంతా కొత్త విత్తనమే. మళ్లీ అదే వేళకు వాన ఆగింది. నా బోరులో నీళ్లున్నాయి. పెట్టలేదు. నా చేను పచ్చగా ఉండి ఆయనది ఎండితే అబద్ధం బయటపడుతుంది కదా. నా పంటను నేనే కళ్లెదుట ఎండనిచ్చాను.

గట్టు మీద కూర్చున్న నన్ను చూసి మద్దిలేటన్న వచ్చాడు. భుజం మీద చెయ్యేసి, వాన మనిద్దరినీ ముంచిందని నన్ను ఓదార్చాడు. నేను తల ఊపాను. ఆ తల ఊపడాన్ని తలచుకుంటే మొదటి అబద్ధం కన్నా ఎక్కువ సిగ్గేస్తుంది.

నాకు తోట ఉంది, గడిచిపోయింది. ఆయనకు మళ్లీ విత్తుకోవడానికి సొంత కాయ ఒక్కటీ లేదు. చేను బీడు పెట్టి, భార్యతో బెంగళూరుకు సిమెంటు పనికి పోయాడు. పథకం వాళ్లు మాత్రం ఆదాయం పెరిగిందని చెప్పడానికి నా మొదటి ఏటి పంటనే చూపించుకున్నారు.

ఊరికి వచ్చినప్పుడల్లా ఆయన నన్ను పలకరించకుండా పోడు. చెప్పేద్దామనుకుంటాను, టీ తాగించి పంపిస్తాను. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. మద్దిలేటన్నను ముంచింది నేనే. ఈ మాట రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆయన ఇప్పటికీ వాననే తిట్టుకుంటున్నాడు.