పదకొండో నంబరు గూడు

పెదనాన్న లెక్కలో లోకంలో ఉన్నవి రెండే జాతులు: చిరునామా ఉన్నవి, చిరునామా లేనివి. మనుషులైనా సాక్సులైనా ఆయనకి ఒకటే. ముప్పై మూడేళ్లు తపాలా ఆఫీసులో నిలబడి ఉత్తరాలను ఊరివారీగా గూళ్లలోకి విసిరిన చెయ్యి అది. శుక్రవారం రిటైరయ్యారు. శనివారానికి ఆ చెయ్యి దురద పెట్టింది. ఆదివారానికి ఇంటి బట్టల గది ఆయన వశమైంది.

అంతవరకు ఆ గదికి దిక్కూ దివాణం లేదు. పదకొండు మందికీ కలిపి ఒక వాషింగ్ మెషిను, ఒక అలమర, వాటి మధ్య బట్టల కొండ. తవ్వినవాడికి చొక్కా దొరికేది. అది తనదే అయ్యుండాలని రూలేం లేదు. బాబాయి ఒకసారి పిన్ని కోటు తొడుక్కుని ఆఫీసుకి వెళ్లి, సాయంత్రం దాకా "ఇవాళెందుకో ఊపిరాడట్లేదు" అని డాక్టరు కోసం వాకబు చేశాడు.

పెదనాన్న పాత చెక్కపెట్టెలు విప్పి పదకొండు గూళ్లు కొట్టారు. పేర్లు రాయలేదు, నంబర్లు వేశారు. "పేరు చూస్తే మొహమాటం పుడుతుంది. నంబరుకి మొహమాటం లేదు" అన్నారు. తలుపు అడ్డంగా కోయించి, కింది సగం మీద పలక బిగించి కౌంటరు చేశారు. వేళలు ఏడు నుంచి తొమ్మిది. ఉతకడానికి వేసే మూటతో పాటు చీటీ నింపాలి: నంబరు, ఎన్ని బట్టలు, మామూలా అర్జెంటా. లోపమున్న బట్ట ఎర్ర పెన్సిలు రాతతో వెనక్కి వచ్చేది. "బొత్తాం లేదు. పంపినవారికే తిరిగి." "జేబులో చూయింగ్ గమ్. పంపినవారికే తిరిగి."

ఒకరోజు తొమ్మిదీ అయిదుకి బాబాయి తువ్వాలు చుట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"అన్నయ్యా, నా ప్యాంటు!"

"కౌంటరు మూశాం."

"నేను తువ్వాలు మీదున్నాను, చూడట్లేదా?"

పెదనాన్న కళ్లజోడు సవరించుకుని చూశారు. తువ్వాలు అంచున ఎర్రదారంతో కుట్టిన నంబరు చూశారు. "ఇది ఏడో నంబరు తువ్వాలు. నీది నాలుగు. చిరునామా తప్పు. ఇటివ్వు."

"అన్నయ్యా! నీకు దణ్ణం పెడతా!"

"రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టకు. ఇప్పుడున్న పరిస్థితిలో మంచిది కాదు" అని పిన్ని వంటింట్లోంచి అంది.

ఇంకోసారి గోధుమరంగు సాక్సు ఒకటి ఒంటరిగా తేలింది. నంబరు లేదు. ఇంకొకరైతే తుడుపుగుడ్డ చేసేవారు. పెదనాన్న దాన్ని కవరులో పెట్టుకుని వీధిలో ఇంటింటికీ తిరిగారు. పద్దెనిమిదో ఇంట్లో దర్జీ ముసలాయన తలుపు తీసి, అదే రంగు సాక్సున్న తన కుడికాలు చూపించి, "బాబూ, నాలుగు నెలలుగా దీని జోడు వెతుకుతున్నా. గాలికి మీ డాబా మీదికి ఎగిరినట్టుంది" అని కావిలించుకున్నంత పని చేశాడు. ఆ రోజు నుంచి పెదనాన్న వారానికి రెండు సాయంత్రాలు ఆ దర్జీ ఇంట్లోనే కూర్చునేవారు. ఏం చేసేవారో ఎవరూ అడగలేదు.

పదకొండో గూడు ఆయన తమ్ముడి కొడుకుది. చదువు మధ్యలో మానేసి, పాత పుస్తకాల కొట్టులో నిలబడే సగం కొట్టు చదివేసిన ఇరవైనాలుగేళ్లవాడు. ఉద్యోగం లేదు. కోపం ఉంది. ఇంట్లోవాళ్లు అతన్ని మేధావి అనేవారు. అది పొగడ్త కాదని తెలుసుకునేంత మేధస్సు అతనికుంది.

మేధావి కోపానికి ముఖ్య కారణం ఆ గూడు. అందరి బట్టలూ సోమవారం వేస్తే మంగళవారం వచ్చేవి. అతని చొక్కాలు గురువారం వచ్చేవి. అడిగితే ఒకటే చీటీ: "దారిలో ఆలస్యం."

"వాషింగ్ మెషిను నుంచి గూటికి నాలుగడుగులు. ఏ దారిలో ఆలస్యం పెదనాన్నా?"

"వరసలో రావాలిరా."

సంపాదన లేనివాడి చొక్కా కూడా అందరికీ లోకువే అని అతను తేల్చుకున్నాడు. ఆ గదే సమాజమనీ, పెదనాన్నే ప్రభుత్వమనీ నోటుబుక్కులో నాలుగు పేజీలు రాశాడు. నిరసనగా చీటీలు నింపడం మానేశాడు. పైగా బాబాయి కొత్త చొక్కా కొన్నప్పుడల్లా ఉపన్యాసం. "నావి నాలుగేళ్ల నాటివి. ఒక్క కాలరు చిరిగిందా? వాడుకోవడం తెలియాలి బాబాయ్. మనిషి అరిగినా చొక్కా అరగకూడదు."

పెదనాన్న ఆ మాట విన్నప్పుడల్లా దగ్గేవారు.

అలా ఉండగా ఒక అచ్చాపీసు నుంచి అతనికి పిలుపొచ్చింది. ప్రూఫులు దిద్దే పని. గురువారం పది గంటలకు ఇంటర్వ్యూ. ఇది కూడా పోతే నవ్వుతారని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. సోమవారం తనకున్న ఒకే ఒక్క తెల్లచొక్కా ఉతకడానికి పడేశాడు, మామూలుగానే చీటీ లేకుండా.

గురువారం పొద్దున ఆరున్నరకి గూడు ఖాళీ. అతను కౌంటరు దూకి లోపలికెళ్లి సొరుగులన్నీ లాగాడు. అడుగు సొరుగులో తెల్లచొక్కా దొరికింది. దానికి కాలరు లేదు.

"నా చొక్కా పీక కోసేశారు!"

ఆ కేకకి ఇల్లంతా లేచింది. తొమ్మిదిమంది కౌంటరుకి ఇవతల గుమిగూడారు. పెదనాన్న కళ్లజోడు వెతుక్కుంటూ వచ్చారు.

మేధావి మళ్లీ సొరుగులోకి వంగాడు. సొరుగులో సూది, దారం, విప్పిన కాలరు ఉన్నాయి. కాలరు ఒక వైపు నూగు లేచి చిల్లులు పడింది. రెండో వైపు కొత్తదానిలా ఉంది. అతని చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది. ఒంటిమీదున్న చొక్కా కాలరు మడత ఎత్తి తడిమాడు. లోపలి వైపంతా నూగే. విప్పి, తిరగేసి, కుట్టినదే.

"అన్నీనా?" అన్నాడు.

"ఆరు" అన్నారు పెదనాన్న. "దర్జీ నేర్పాడు. నాకు చెయ్యి నిదానం. ఒక్కోదానికి రెండ్రోజులు పడుతుంది."

బాబాయి పైకప్పు చూస్తూ, "మనిషి అరిగినా చొక్కా..." అని మొదలుపెట్టాడు. పిన్ని మోచేత్తో పొడిచింది.

"పదింటికి నాకు ఇంటర్వ్యూ" అన్నాడు మేధావి, గొంతు తగ్గించి.

పెదనాన్నకి ఆ ఇంటి చరిత్రలో మొదటిసారి కోపం వచ్చింది. "అర్జెంటు అని చీటీ మీద రాస్తే నిన్ననే ఇచ్చేవాణ్ణి కదరా! ఆ గడి ఎందుకు గీశాననుకున్నావు, అలంకారానికా?"

ఆ రోజు కౌంటరు వేళకి ముందే తెరుచుకుంది. పెదనాన్న కుట్టారు, పిన్ని ఇస్త్రీపెట్టె వేడిచేసింది, బాబాయి తన కొత్త టై తెచ్చి అడక్కుండానే ఇచ్చాడు. ఎనిమిదిన్నరకి చొక్కా కౌంటరు మీదికొచ్చింది. అతను అందుకోబోతే పెదనాన్న చొక్కా వదల్లేదు.

"సంతకం."

పెట్టాడు.

ఉద్యోగం వచ్చింది. అచ్చాపీసు యజమాని అతని చొక్కా వైపు చూడనైనా లేదు. ఆయన కాలరే చిరిగి ఉంది.

సాయంత్రం తిరిగొచ్చాక మేధావి మొదటిసారి ఒకటో నంబరు గూట్లోకి చూశాడు. పెదనాన్న చొక్కాలు మూడు. మూడింటి కాలర్లూ నూగు లేచినవే. ఒకటి చంకన పెట్టుకుని దర్జీ ఇంటికి నడిచాడు.

నాలుగు రోజుల తర్వాత పెదనాన్న గూట్లో ఆ చొక్కా తిరగేసిన కాలరుతో కనబడింది. కాలరు కొసలు ఒకటి పైకి, ఒకటి కిందికి. పైన ఒక చీటీ: "దారిలో ఆలస్యం."

పెదనాన్న దాన్ని తొడుక్కునే వీధంతా తిరిగొచ్చారు. మర్నాడు పదకొండో గూట్లో ఎర్ర పెన్సిలు రాత ఉంది: "కుట్టు వంకర. సరుకు అందింది."