తొంభై తొమ్మిది నుంచి నూట మూడు దాకా

పాడేరు బస్టాండు వెనక సందులో గంగరాజు స్టూడియో, దాని పక్కనే నా మందుల షాపు. ఇరవై రెండేళ్ళుగా మా మధ్య అడ్డం ఒక్క గోడే. మధ్యాహ్నం బేరాలు లేని వేళ నేను వెళ్ళి ఆయన దగ్గర కూర్చుంటాను. ఆయన పెద్దగా మాట్లాడడు, నిట్టూరుస్తాడు. యాభై ఆరేళ్ళకే మెడకి పట్టీ, కళ్ళకి చుక్కల మందు. ఆ చుక్కల మందు ఇచ్చేది నేనే కాబట్టి, ఆ కళ్ళ సంగతి వాళ్ళావిడ నిర్మలకన్నా నాకే బాగా తెలుసు.

గంగరాజు బొబ్బిలి పక్క పల్లె నుంచి రీలు కెమెరా ఒకటి మెడలో వేసుకుని వచ్చాడు. తర్వాత క్యాసెట్లు, ఆ తర్వాత సీడీలు, ఇప్పుడు కంప్యూటరు. ప్రతిసారీ కొత్తది నేర్చుకునేలోపు అది కాస్తా పాతబడేది. నల్లటి పెళ్ళికూతుళ్ళని తెల్లగా చేశాడు. అలిగి పెళ్ళికి రాని మేనమామని వచ్చినట్టు చూపించాడు. ఎప్పుడో పోయిన తాతగారిని అక్షింతలు వేసేవాళ్ళ మధ్య నిలబెట్టాడు. "నా పనేటంటే, నేంది ఉన్నట్టు సూపెట్టడం. అందుకే నీరసం" అనేవాడు. ఆయన యాసలో లేనిది నేంది, లేదు నేదు. నేను నవ్వేవాణ్ణి. ఆయన నవ్వేవాడు కాదు.

పోయిన ఏడు జనవరిలో నీలవేణి అనే ఆమె పాస్‌పోర్టు ఫోటో దిగడానికి వచ్చింది. కొండ మీద పనసమెట్ట వాళ్ళ ఊరు. ముప్పై ఇళ్ళుంటాయి. ఊరికి ఎగువన ఊట ఒకటి ఉంది. మోటారు అక్కర్లేకుండా ఆ నీటిని పైపులో ఊళ్ళోకి దించవచ్చు, అయితే వేసవి నాలుగు నెలలూ ఊట ఆగదని ఆధారం తెండి, అప్పుడు పైపు వేయిస్తాను అన్నాడట మంచినీళ్ళ పథకం ఇంజనీరు. ఆధారమంటే ఏమిటో ఆమెకి తెలీదు. గంగరాజుని అడిగింది.

"ఊట మడుగులో కర్ర పాతు. రోజూ ఒకే రాయి మీద నిలబడి, ఒకే యేళకి నీటిని ఫోటో తియ్యి. అన్నీ కలిపి నేను వీడియో సేసిత్తాను" అన్నాడు గంగరాజు. వారం తర్వాత మానేస్తుందిలే అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

జూన్ మొదటి వారంలో ఆమె ఫోన్ పట్టుకుని వచ్చింది. ఫిబ్రవరి ఒకటి నుంచి మే ముప్పై ఒకటి దాకా తీసిన ఫోటోలన్నీ అందులో ఉన్నాయి.

గంగరాజు తేదీల ప్రకారం నంబర్లు వేశాడు. ఫిబ్రవరి ఒకటి ఒకటో నంబరు, మే ముప్పై ఒకటి నూట ఇరవై. ఆ పని నాకు చూపించాడు కూడా. మొదటి ఫోటోని ఎంచుకుని ఒక గడిలో టిక్కు పెడితే చాలు, మిగతావన్నీ నంబర్ల వరసలో దాని వెనకే వచ్చి వీడియో అయిపోతాయి. సెకనుకి పన్నెండు ఫోటోల చొప్పున పెట్టాడు. నాలుగు నెలలు పది సెకన్లయింది.

ముగ్గురం చూశాం. కర్ర మీద నీటి మట్టం మెల్లగా దిగుతోంది, దిగుతోంది, ఉన్నట్టుండి తెర మీద రంగురంగుల చారలు తళుక్కుమన్నాయి. మరుక్షణం మళ్ళీ నీళ్ళు.

"ఏటి బాబూ ఆ సారలు?" అంది నీలవేణి.

"ఫోటో నేని కాడ ఈ కంప్యూటరు సారలు పెడతాది. తొంభై తొమ్మిది నుంచి నూట మూడు దాకా ఐదు నేవు. మే పది నుంచి పద్నాలుగు. ఏటైంది, జొరమొచ్చిందా?"

"నేదు బాబు."

"ఫోన్ పాడైందా?"

"బాగానే ఉంది. ఆ ఐదు రోజులూ ఊటలో నీరు నేదు బాబు. నువ్వు నీటిని తియ్యమన్నావు. నీరే నేకపోతే దేన్ని తీత్తాను?"

నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు వెంటనే సిగ్గూ వేసింది.

గంగరాజు మెడ పట్టీ విప్పి బల్ల మీద పడేశాడు. "సర్లే, నంబర్లు మార్చేత్తాను. తొంభై ఎనిమిది పక్కన నూట నాలుగుని తెచ్చి పెట్టేత్తే సారలు పోతాయి. ఏ ఇంజనీరుకీ తెలీదు" అన్నాడు. "మార్చెయ్యి" అన్నాను నేను కూడా. ఇందులో నా పాత్ర దాచుకోవడం ఎందుకు? ముప్పై ఇళ్ళకి నీళ్ళొస్తాయంటే ఐదు నంబర్లు ఒక లెక్కా అనుకున్నాను.

నీలవేణి తెర వంకే చూస్తోంది. "ఐదు రోజులు అంత బేగి ఎల్లిపోయినాయా?" అంది.

"అర సెకను కూడా నేదు" అన్నాడు గంగరాజు.

"ఆ ఐదు రోజులూ మేం కింది గెడ్డకి ఎల్లాం బాబు. దిగడానికి గంట, బిందెలతోటి ఎక్కడానికి రెండు గంటలు. మోకాళ్ళు సరిగ్గా నేని మా అత్త కూడా మోసింది. నువ్వు నంబర్లు మార్చేత్తే మేం నడవనట్టేనా?"

"నడిసినట్టు సూపెడితే పైపు రాదమ్మా!" గంగరాజు అరిచాడు. ఆయన అరవడం నేను అంతకుముందు వినలేదు.

ఆమె బెదరలేదు. "పైపేసినాక ఆ ఐదు రోజులూ కుళాయిలో గాలొత్తాది. అప్పుడు ఊరోళ్ళే పాడు సేసినారంటారు. ఉన్నది ఉన్నట్టు పెట్టు బాబు."

గంగరాజు కుర్చీ కంప్యూటరు ముందుకి లాక్కున్నాడు. తర్వాత చారలు తీసేసి, ఆ చోట ఐదు నల్లటి పలకలు పెట్టాడు. ఒక్కో పలక మీదా తేదీ, కింద "నీరు లేదు" అన్న రెండు మాటలు. ఒక్కోటి ఒక్కో సెకను నిలిచేలా చేశాడు.

ఇంజనీరు వీడియో రెండుసార్లు చూశాడట. ఎండిపోయే ఊటకి పైపు వేయడం కుదరదన్నాడట. అయితే, ఆ ఐదు రోజులూ నీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నారని అడిగాడట. ఆ ప్రశ్న వాళ్ళని ఎవరూ అంతకుముందు అడగలేదు. ఆగస్టులో ఆయన పంపిన ఇద్దరు మనుషులు వచ్చి, గెడ్డ అని వాళ్ళు పిలిచే ఆ వాగు ఒడ్డున రాయి పాతి, దానికి ఎర్ర రంగు వేసి, నీళ్ళు పైకి తోడే మోటారు గది ఇక్కడే కడతామని చెప్పి వెళ్ళిపోయారు.

గంగరాజుకి మాత్రం మనసు కుదుటపడలేదు. "ముప్పై ఏళ్ళు పెళ్ళిళ్ళలో అబద్దాలు అతికించాను. ఒక్క అబద్దం పనికొచ్చే కాడ నిజం పెట్టాను" అని వర్షాకాలమంతా నా బుర్ర తిన్నాడు. నేను ఓదార్చలేదు. నాకూ అదే బాధ.

ఈ మార్చి ఎనిమిదిన నీలవేణి మళ్ళీ వచ్చింది. ఈసారి ఊట ఫోటోలు కావు. రాయి పాతిన మర్నాడు, ఆగస్టు ఇరవై నుంచి, ముందు రోజు దాకా రోజూ ఆ ఎర్ర రాయినే తీసింది. రెండు వందల ఫోటోలు.

గంగరాజు నంబర్లు వేసి, టిక్కు పెట్టి, నడిపించాడు. పదిహేడు సెకన్లు చూశాం. గడ్డి లేచి రాయిని ముంచేసింది. ఒక చెయ్యి వచ్చి గడ్డి కోసింది, అది నీలవేణిదే. బురద పట్టింది, మంచు కమ్మింది, మంచు పోయింది. ఎర్ర రంగు వెలిసి గులాబీ రంగయింది. ఆమె చెయ్యి తప్ప ఆ రాయి దగ్గరికి ఇంకెవరి చెయ్యీ రాలేదు.

"ఈసారి సారలు రానేదు కదా బాబు?" అంది.

"నేదమ్మా. ఒక్కటీ తప్పనేదు" అన్నాడు గంగరాజు, కళ్ళు తుడుచుకుంటూ.

ఆమె ఫోన్ కొంగున కట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "అయితే ఇయ్యాల్టిది రెండొందల ఒకటి. సీకటి పడకుండా పోయి తీసుకోవాల" అంది.

కొండెక్కే జీపు దొరికితే దొరుకుతుందని గంగరాజు ఆమెని బస్టాండు దాకా తీసుకెళ్ళాడు.