కళ్లు తెరవని గరుత్మంతుడు

ఆళ్లగడ్డలో మా పుట్టింటి వీధిలో అడుగు పెడితే చాలు, ఇప్పటికీ రాతి పొడి వాసన ముక్కులో గుప్పుమంటుంది. అప్పట్లో ఆ వాసనతో పాటు ఉలి చప్పుడు వినిపించేది, ఇప్పుడు మిషన్ల రొద. మొన్న వెళ్లినప్పుడు చూశాను, పెరట్లో నీళ్ల తొట్టి పక్కన మా నాయన చెక్కిన గరుత్మంతుడు అలాగే నిలబడి ఉన్నాడు. రెక్కలున్నాయి, ముక్కుంది, కళ్లే లేవు. దానికి కారణం నేను.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. విగ్రహానికి కళ్లు అన్నిటికంటే చివర తెరుస్తారు మావాళ్లు. ఒక గుడివాళ్లు చెక్కమని చెప్పిన ఆ గరుత్మంతుడికి, బతికున్న గరుడ పక్షి కన్ను దగ్గరగా చూడందే ఉలి పెట్టనని నాయన భీష్మించుకుని, ఆ ఎండాకాలమంతా ఆదివారం వస్తే చాలు వెలుగోడు జలాశయం ఒడ్డుకు బస్సెక్కేవాడు. తలకు నూనె, ఉతికిన చొక్కా, సంచిలో బనగానపల్లె మామిడిపండ్లు. అమ్మకు ఒళ్లు మండేది.

"పిట్టల్ని సూసేదానికి పండ్లెందుకు? ఈడ కాకులు లేవా?" అని ఒక ఆదివారం నా జడ బిగించి లాగుతూ, "నువ్వూ పో. యాడ కూసుంటాడో, ఎవరితో మాట్లాడతాడో అంతా సూసి రా" అంది.

నంద్యాలలో బస్సు మారేటప్పుడు నాయన నిమ్మసోడా తాగిస్తే, నా నోరు మూయించడానికే అనుకున్నాను. జలాశయంలో నీళ్లు బాగా వెనక్కి పోయి, నెర్రెలిచ్చిన బురద మీద ఎండుచేపల వాసన, మోకాళ్లలోతు నీళ్లలో కొంగలు, మొద్దుల మీద రెక్కలారబెట్టుకుంటున్న నీటికాకులు. నాయన ఒక్కోదాన్నీ చూపిస్తుంటే నేను ఆయన ముఖమే చూస్తున్నాను. ఒడ్డున గుడిసె ముందు ఒకామె చేపలు కోస్తూ మమ్మల్ని చూసి నవ్వింది. నాయన సంచిలోని పండ్లు ఆమెకిచ్చి పక్కనే గొంతుక్కూర్చున్నాడు. ఇంకేముంది, దొంగ దొరికాడు!

ఆమె చేప పేగులు తీసి గాల్లోకి విసిరింది. తెల్లటి తల, ఇటుక రంగు రెక్కలు, మా నెత్తి మీదికే దిగి తన్నుకుపోయింది గరుడ పక్షి.

"కన్ను సూడమ్మా, కన్ను!" అని అరిచాడు నాయన. నేను ఆమె గాజులు చూస్తున్నాను.

"వచ్చే వారం మల్ల రా అన్నా, ఇంగా దగ్గరికొస్తాది" అందామె.

ఇంటికి రాగానే అమ్మ చెవిలో ఊదేశాను: పండ్లు ఒకామెకిచ్చాడు, వచ్చే వారం మళ్లీ రమ్మంది. పక్షి సంగతి చెప్పనే లేదు. అమ్మ వెంటనే నాయన సంచి తీసి అటక మీదికి విసిరేసింది. మా ఇంట్లో సంజాయిషీలు చెప్పుకునే అలవాటు ఎవరికీ లేదు. ఆపై ఆదివారం నాయన గడప దాటలేదు. గుడివాళ్లు కొన్నాళ్లు చూసి, వేరేచోట చేయించుకున్నారు.

పెళ్లయ్యాక పిల్లలతో అదే ఒడ్డుకు వెళ్లి, ఇంకెవరో చేపలు కోస్తుంటే పేగుల కోసం పక్షులు దిగడం చూశాక గానీ, ఆ పండ్లు ఎందుకో నా బుర్రకెక్కలేదు. ఛీ, ఏం బుద్ధి నాది! మొన్న ధైర్యం చేసి, ఫోన్‌లో గరుడ పక్షి ఫోటో పెద్దది చేసి నాయనకు చూపిస్తూ, "ఆ పొద్దు అమ్మకు చెప్పింది నేనే నాయనా" అన్నాను.

ఆయన ఫోటోను చాలాసేపు చూసి, "ఇది నన్ను సూడ్డం ల్యా" అని ఫోన్ నా చేతిలో పెట్టేశాడు. వినిపించలేదేమోనని మళ్లీ చెప్పాను.

"తెలుసులే. ఆ పొద్దు నాతో వచ్చింది నువ్వొక్కదానివే గదమ్మా."

ఇన్నేళ్లలో నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పుడాయన చేతులు వణుకుతాయి, ఉలి నిలవదు. నేను పెరట్లోకి వెళ్లి, ఆ నున్నటి కంటిచోటును వేళ్లతో తడుముతూ నిలబడిపోయాను.