పోచంపల్లిలో రెండు విజిళ్లు

చాలా ఏళ్లుగా నేను ఊదినవన్నీ చవక టిన్ విజిళ్లే, అంటే పిల్లనగ్రోవిలా వాయించే సన్నటి రేకు గొట్టాలు. పైస్వరానికి వెళితే చాలు, కీచుమంటాయి. కాకినాడలో నేను విజిల్ తీస్తే మా ఇంట్లోవాళ్లు తలుపులు వేసుకునేవాళ్లు. చివరికి మంచిదొకటి కొందామని హైదరాబాదు వెళితే, దుకాణదారు ఇత్తడిదొకటి, నల్లటిదొకటి చేతికిచ్చి, "ఊది చూసి సాయంత్రానికి ఒకటి తిరిగివ్వండి" అన్నాడు.

ఆ రెండూ సంచిలో వేసుకునే, అమ్మకు చీర కోసం పోచంపల్లి వెళ్లాను. ఒక ఇంట్లో అవ్వ మగ్గం నేస్తోంది. పక్కనే చీర ఉయ్యాలలో మనవడు నిద్రపోతున్నాడు.

"గా గొట్టాలేంది బిడ్డా? జర ఊదు, ఇందాం" అంటూ, సంచిలోంచి పైకి కనిపిస్తున్న విజిళ్లను చూసి అవ్వ మగ్గం ఆపింది.

మెరిసే ఇత్తడి విజిల్ తీసి ఊదాను. పిల్లాడు లేచి గుక్కపట్టి ఏడ్చాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంత మంచిదీ అంతేనా అనుకుంటూ సంచిలో దాచబోయాను.

"నువ్వు ఊదినందుకు గాదు. మగ్గం ఆగింది గద, గందుకే లేచిండు" అంది అవ్వ. మళ్లీ నేయడం మొదలుపెట్టింది. ఆ టకటకలకే పిల్లాడు కళ్లు మూశాడు. నాకు అప్పుడు ఊపిరాడింది.

"ఇగ ఊదు."

మగ్గం నడుస్తుండగా రెండూ మార్చి మార్చి ఊదాను. ఇత్తడిది మగ్గాన్ని మించి మోగింది. నల్లటిది పైస్వరంలోనూ మెత్తగా పలికింది. పిల్లాడు కదల్లేదు.

"గా నల్లది ఉంచుకో" అంది అవ్వ. "గది మగ్గంతోని కొట్లాడ్తలేదు."

సాయంత్రం ఇత్తడిది తిరిగిచ్చేశాను. ఇప్పుడు మా ఇంట్లో తలుపులు తీసే ఉంటున్నాయి.