మేస్త్రి కొలకర్ర

వడ్రంగి మేస్త్రి దృష్టిలో ఈ లోకంలో పని తెలిసినవాడు ఒక్కడే. ఆ ఒక్కడి ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు.

మిగతావాళ్ళంతా దద్దమ్మలే. ఇంజనీర్లు కాగితాలు ఖరాబు చేసే బాపతు. ఫర్నిచర్ కంపెనీవాళ్ళు రంపప్పొట్టుకు జిగురు కలిపి బల్ల పేరుతో అంటగట్టే ఘనులు. టేపు కనిపిస్తే మరీ ఒళ్ళుమంట. ఇరవయ్యో ఏట తన ఎత్తుకు సరిగ్గా కోసుకున్న కొలకర్ర ఆయనకుంది. ఎవరింట్లో అలమరా చేసినా పై అర ఆయన చెయ్యి అందే చోటే ఉంటుంది. ఇంకాస్త ఎత్తు పెట్టమంటే, "ఎందుకూ, గబ్బిలాలు పెంచుతారా?" అంటాడు.

అద్దె కొట్టు ఖాళీ చేయాల్సొచ్చి, పెరట్లో చెక్కతో షెడ్డు వేయబోయాడు. ప్రహరీ పక్కన ఏది కట్టినా ఎనిమిదడుగులు దాటకూడదని మున్సిపాలిటీ రూలు. వాననీళ్ళు జారాలంటే కప్పు వాలుగా ఉండాలి. అంటే ఓ వైపు బాగా దిగాల్సిందే.

పైకి చెప్పని సంగతి ఇంకోటుంది. రెండేళ్ళుగా మేస్త్రి కంటికి పెన్సిలు గీత ఆనడం లేదు. గీసేదీ, కోసేదీ కూతురే. ఆమెను ఫర్నిచర్ కంపెనీవాళ్ళు రెండుసార్లు పనికి పిలిచారు. షెడ్డు లేచాక చూద్దామని ఆగింది. ఆమె వెళ్తే ఈయన పని అంతటితో సరి. ఆ మాట ఒప్పుకోవడానికి మాత్రం ఈయనకు నామోషీ.

పక్కింటి ఇంజనీరు గోడ మీంచి సలహా ఇచ్చాడు. "నేల ఓ అడుగు తవ్వండి మేస్త్రిగారూ. లేదా పనిబల్ల ఎత్తువైపు వేసుకోండి."

"తవ్వుకుని కూర్చోడానికి నేనేమైనా పందికొక్కునా? కిటికీ వెనకుంది, బల్లా అక్కడే."

కూతురు అడిగింది. "నాన్నా, బల్ల దగ్గర కప్పు ఎంతెత్తు వస్తుంది?"

"సరిపడా వస్తుంది. నోర్మూసుకుని వాసం పట్టుకో."

వెనకవైపు కొలకర్ర నిలబెట్టాడు. పైన నాలుగు వేళ్ళు వదిలి రేకు దించేశాడు. మున్సిపాలిటీ మనిషి వచ్చి కొలిస్తే ముందువైపే ఏడడుగుల తొమ్మిదంగుళాలు వచ్చింది. "చూశావా, టేపు ముట్టకుండా!" అని మేస్త్రి వీధంతా వినపడేలా విర్రవీగాడు.

కూతురి ఎత్తు ఐదడుగుల ఎనిమిదంగుళాలు. ఇరవై ఏళ్ళు కళ్ళెదుటే పెరిగిన పిల్ల ఎత్తు ఈ మహానుభావుడికి తెలియదు, ఎందుకంటే అది ఆ కర్ర మీద లేదు.

వారం రోజులు ఆమె మెడ వంచుకునే చిత్రిక పట్టింది. రోజుకు నాలుగుసార్లు తల వాసానికి కొట్టుకునేది. "కాస్త వంగితే అరిగిపోతావా?" అనేవాడు మేస్త్రి. ఎనిమిదో రోజు ఆమె తన ఉలులు గుడ్డలో చుట్టుకుంది.

"ఈ షెడ్డు నీ ఒక్కడి కోసం కట్టుకున్నావు నాన్నా. రేపట్నుంచి కంపెనీకి వెళ్తున్నా."

"పో, పో! ఆ పొట్టు బల్లలే చేసుకో!"

మర్నాడు ఎవరిదో తలుపు చెక్క కోయాల్సొచ్చింది. అంతకు ముందురోజే కూతురు దాని మీద గీత గీసి ఉంచింది. మేస్త్రి రంపం తీసుకుని కిటికీ దగ్గరకు జరిగాడు. కప్పు ఎక్కడా తగల్లేదు, నెత్తి మీద నాలుగు వేళ్ళ ఖాళీ. చెక్కను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, ముక్కుకు ఆనించుకున్నాడు.

"అమ్మాయ్, గీత ఎక్కడుందే?" అన్నాడు అలవాటుగా.

చాలాసేపు అలాగే నిటారుగా నిలబడి ఉన్నాడు.