గోడకు ఇవతలి రాయి

తడి సున్నం వాసన. ఖబ్రస్తాన్ గోడకు కొత్తగా వెల్ల వేసినట్టున్నారు. అబ్బాతో ఆటో దిగగానే ఆ వాసన తగిలింది. పొద్దున్నుంచి నేను ఆగకుండా వాగుతూనే ఉన్నాను. నేను డిగ్రీ పాసయ్యాను! మా అబ్బా వైపు, అమ్మీ వైపు, వెనక్కి ఎంత దూరం వెళ్లి వెతికినా డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. రిజల్ట్ వచ్చిన కాసేపటికే కాజీపేటలో మా గల్లీ అంతా తెలిసిపోయింది. ముందుగా తెలియాల్సిన మనిషి మాత్రం ఈ గోడ అవతల సమాధిలో ఉన్నారు. మా ఆడవాళ్లకు ఖబ్రస్తాన్ లోపలికి వెళ్లే అలవాటు లేదు. ఇంకో దిగులు కూడా ఉంది. నాకు బీఈడీ చేసి టీచర్ కావాలని ఉంది. అడిగినప్పుడల్లా అబ్బా "చూద్దాం తీ" అంటున్నాడు. మా ఇంట్లో ఆ మాటకు అర్థం ఏమిటో నాకు బాగా తెలుసు.

గోడ అవతల ఉన్న ఆమెను అందరూ ఖమర్ టీచరమ్మ అనేవాళ్లు. మా గల్లీ ఆడపిల్లలకు బడి అన్నదే లేని కాలంలో తన ఇంటి ముందు గదిలో చాప పరిచి బడి మొదలుపెట్టారు. పొట్టి మనిషి. చీర కింద తెల్ల క్యాన్వాస్ బూట్లు వేసుకునేవారు. పిల్లల ఇళ్ల చుట్టూ తిరగడానికి చెప్పులు ఆగవట. ఏ పిల్ల చదువు మానేసినా ఆ ఇంటికి వెళ్లి కూర్చునేవారు. వచ్చిన మనిషి చాయ్ తాగకుండా లేచిపోతే మా ఇళ్లలో అది పెద్ద నామోషీ. టీచరమ్మ అదే పట్టుకునేవారు. కప్పు ముందు పెట్టించుకుని, ముట్టుకోకుండా కూర్చునేవారు.

నా టెన్త్ అయ్యాక మా ఇంటికీ వచ్చారు. అబ్బాకు స్టేషన్ రోడ్డులో పంక్చర్ దుకాణం. ఆడపిల్లకు ఈ చదువు చాలని అప్పటికే తేల్చేశాడు.

"చాయ్ చల్లారుతాంది టీచరమ్మా, తాగుండ్రి."

"చల్లారనీ సలీం. పిల్ల ఇంటర్‌ల చేరుతదని చెప్పు, తాగుత."

"పిల్లను అంత దూరం పంపాలంటె ఫికరైతాంది టీచరమ్మా."

"ఏం ఫికర్ జెయ్యకు. నువ్వు అతుకులేసే ట్యూబు గాదు నీ బిడ్డ. గట్టిది. పంక్చర్ గాదు తీ."

తలుపు చాటున అమ్మీ కిసుక్కున నవ్వింది. చాయ్ మళ్లీ వేడి చేసి తెచ్చింది. అదీ మీగడ కట్టింది. ఎదురింటివాళ్లు తొంగి చూడసాగారు. చివరికి అబ్బా తల గోక్కుంటూ, "సరే, పోతది తీయుండ్రి" అన్నాడు. ఆమె ఆ చల్లారిన చాయ్ గడగడా తాగేసి, "చక్కెర జర ఎక్కువైంది" అంటూ లేచారు. అంత చిన్న మనిషి ముందు మా అబ్బా అలా నిలబడిపోవడం అదే మొదటిసారి చూశాను.

నేను సుబేదారిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతుండగా ఆమె పోయారు. పరీక్ష రాసి వచ్చేసరికి మట్టి కూడా అయిపోయింది. అబ్బా మయ్యత్‌కు వెళ్లి, మట్టి వేసి వచ్చాడు.

ఇవాళ నన్ను గేటు దగ్గర ఉండమని, తనొక్కడే లోపలికి వెళ్లి ఫాతిహా ప్రార్థన చదివి వస్తాడనుకున్నాను. అబ్బా గేటు దాటి ముందుకే నడిచాడు. గోడ మలుపు తిరిగాక రోడ్డు వైపు చూస్తూ, గోడలోనే ఒక నల్లరాయి. ఉర్దూలో, తెలుగులో ఆమె పేరు. కింద 'టీచర్' అని ఒకటే మాట.

"అబ్బా, సమాధి లోపలుంటే రాయి ఇవతల పెట్టిండ్రేంది?"

"ఆమెనే చెప్పి పోయిండ్రు బిడ్డా. నన్ను గోడ పక్కన్నే పెట్టుండ్రి, పేరు మాత్రం రోడ్డు దిక్కు రాయుండ్రి అన్నరంట. 'నా పిల్లలు లోపలికి రారు గద, పాసైతె యాడ నిలబడి చెప్తరు?' అన్నరంట. చదువుకున్న పిల్లలంత కలిసి మొన్ననే పెట్టించిండ్రు."

రాయి కింద అప్పటికే ఒక మల్లెదండ, ఎవరో విప్పి పెట్టిన మిఠాయి పొట్లం ఉన్నాయి. పొద్దున్నే ఎవరో వచ్చి చెప్పి వెళ్లారన్నమాట. చావు దగ్గరపడినప్పుడు మనిషి ఎన్నో ఆలోచిస్తాడు. ఈమె మాత్రం మేం ఎక్కడ నిలబడతామో ఆలోచించారు!

"టీచరమ్మా, నేను షాహీన్‌ను. డిగ్రీ పాసైన. ఫస్ట్ క్లాస్!"

స్కూటర్ మీద వెళ్తున్నాయన వెనక్కి తిరిగి చూశాడు. చూడనీ అనుకున్నాను. బీఈడీ సంగతి కూడా చెప్పాలనుకున్నాను కానీ, అబ్బా వింటున్నాడని ఆగాను. పక్కన అబ్బా టోపీ సర్దుకున్నాడు. రాయికి ఎదురుగా, పిలిస్తే వచ్చిన పిల్లవాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"టీచరమ్మా, నేను సలీంను. పిల్ల బీఈడీ గూడ చదువుతదట. నేను సరేనన్న."

ఆ మాట అప్పటిదాకా నాకు చెప్పలేదు. రేపు నేను టీచరయ్యాక నా ముందు పిల్లలు కూర్చుంటారు. పాఠం మొదలుపెట్టే ముందు, రాని పిల్ల ఏ గోడ దగ్గర ఆగిపోయిందో చూడాలి. ఆమె దగ్గర నేర్చుకుని, నాతో తీసుకెళ్తున్న పని ఇది.